నలుగురు పట్టే టెంటు

ఆ శనివారం ఉదయం సర్వేయరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా టెంటు కొనాలో వద్దో తేల్చుకోవాలి. సాయంత్రానికి దాన్ని పికప్ ట్రక్కు మీద బిగించుకోవాలి. మర్నాడు తెల్లవారుజామునే కుటుంబంతో అడవి దారి పట్టాలి. ట్రక్కు నెత్తిన పెట్టెలా మడిచి ఉంచి, కావలసినప్పుడు తెరిచి నిచ్చెన మీదుగా ఎక్కి పడుకునే టెంట్లు అమ్మే దుకాణం ఊరి చివర ఒకటుంది. అందులో ఆయన చేతికందే ధరలో ఉన్నది ఒకే ఒక్క రకం. దాని కాగితం మీద 'నలుగురికి విశాలంగా సరిపోతుంది' అని రాసి ఉంది.

ఇరవై ఏళ్ళుగా ఊరందరి స్థలాలూ గొలుసు పట్టి కొలుస్తున్న మనిషికి 'విశాలం' అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది.

"విశాలమంటే ఎన్ని అంగుళాలు? నలుగురంటే ఏ నలుగురు?" అన్నాడు కాఫీ తాగుతూ.

"వెళ్ళి అందులో పడుకుని చూస్తే తెలిసిపోతుంది కదండీ," అంది భార్య.

"పడుకుని చూసి స్థలం కొన్నవాణ్ణి ఎవణ్ణయినా చూశావా? కొలవాలి!"

అన్నంత పనీ చేశాడు. హాల్లో సోఫా గోడవారకి జరిపి, భార్యనీ, పదేళ్ళ కూతుర్నీ, అత్తగారినీ నేల మీద వరసగా వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కొక్కరి చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. కూతురు నవ్వింది. అత్తగారు మాత్రం అల్లుడి మాట కాదనలేక, ఇంటి పైకప్పును చూస్తూ ఓపిగ్గా పడుకుంది.

గీతలు పూర్తికాగానే భార్య లేచి చీర దులుపుకుంది. "మీరు సుద్దతో ఆడుకోండి. మేం వెళ్ళి పడుకుని చూస్తాం," అని తల్లినీ కూతుర్నీ ట్రక్కెక్కించుకుని దుకాణానికి వెళ్ళిపోయింది.

ఒంటరిగా మిగిలిన సర్వేయరు గంటసేపు గీతలన్నీ కొలిచి రాసుకుని, కిటికీ తెరిచి, దుకాణానికి ఫోను చేశాడు. ఆయనకు ఫోనులో మాట్లాడటమంటే ఈ గట్టు మీంచి ఆ గట్టుకి కేకెయ్యడమే. ఎదురింటి పోస్టుమాస్టరు ఆ సమయంలో పూలమొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు. ముప్పై అయిదేళ్ళు ఊరి ఉత్తరాలన్నీ విప్పి చూడకుండా అప్పగించిన మహానుభావుడాయన. ఆ బాకీ తీర్చుకోవాలన్నట్టు, రిటైరయ్యాక ఎవరి మాట చెవిన పడినా పొల్లుపోకుండా వినేవాడు. ఆ ఉదయం ఆయన విన్నది ఇది:

"ముగ్గురినీ పక్కపక్కన పడుకోబెట్టానండీ... మా అత్తగారు కొంచెం వెడల్పు. ఆవిణ్ణి ఓ మూలకి తోసేస్తే సరిపోతుందేమో... పట్టకపోతే కాళ్ళు మడిచేద్దాం... ఏమిటీ, దుప్పట్లతో సహా మూత పడిపోతుందా? భేష్!... కిందకి ఏమీ కారదు కదా? కారితే ట్రక్కంతా పాడవుతుంది... ఆఁ, తెల్లారకముందే అడవిలోకి వెళ్ళిపోతాం."

పోస్టుమాస్టరు చేతిలోని పైపు ఆయన చెప్పుల మీదే నీళ్ళు పోసుకుంటోంది. దాన్ని అక్కడే వదిలేసి, పిల్లిలా వీధి దాటి, కిటికీలోంచి తొంగిచూశాడు. నేల మీద మూడు మనిషి ఆకారాలు. ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి చిన్నది. మనుషులు మాత్రం లేరు. శవాల చుట్టూ పోలీసులు సుద్దగీత గీస్తారని ఆయన ఎక్కడో చదివాడు. ఇక్కడ పోలీసులు రాకముందే గీతలు సిద్ధంగా ఉన్నాయి. హంతకుడు ఎంత పద్ధతైన మనిషో కదా అనుకున్నాడు.

అంతలో సర్వేయరు ఆయన్ని చూడనే చూశాడు. తన చుట్టూ తనే గీత గీసుకోవడం ఎలాగో తెలియక అప్పటికే రెండుసార్లు నడుం పట్టేసిన మనిషి కావడంతో, మొహం వెలిగిపోయింది.

"దేవుడు పంపినట్టు వచ్చారు మాస్టారూ! మీరూ నేనూ ఒకే కొలత. ఒక్క నిమిషం వచ్చి వీళ్ళ పక్కన పడుకోరూ?"

"నే... నేనా?"

"ఎంతోసేపు పట్టదండీ. వీళ్ళు ముగ్గురూ కిక్కురుమనలేదు!" అంటూ సుద్దముక్క పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

పోస్టుమాస్టరుకి మోకాళ్ళ నొప్పులని వీధంతటికీ తెలుసు. ఆ నిమిషంలో అవి ఉన్నట్టు ఆయనకే గుర్తులేదు.

అరగంట తిరక్కుండా ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగాడు. వెనకాలే, పోస్టుమాస్టరు ఫోను అందుకుని పరుగెత్తుకొచ్చిన సర్వేయరు బావమరిది. హాల్లో గీతలు చూడగానే అతను గుమ్మంలోనే కూలబడ్డాడు.

"బావా! మా అమ్మ నీకేం అపకారం చేసింది?"

"అపకారమేముందయ్యా? కాస్త జాగా ఎక్కువ తీసుకుంది, అంతే."

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "ముగ్గురూ ఎక్కడ?"

"టెంటు దుకాణంలో ఉన్నారండీ," అన్నాడు సర్వేయరు. అప్పటికి గానీ సంగతేమిటో ఆయన బుర్రకెక్కలేదు. నవ్వొచ్చింది. "ఇప్పుడే మాట్లాడిస్తాను, ఉండండి."

భార్యకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. అత్తగారిదీ అంతే. ఇన్‌స్పెక్టరే దుకాణానికి ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఆ ముగ్గురేనా?" అన్నాడు దుకాణదారు. "పైన పెట్టెలో ఉన్నారండీ. గంట దాటింది, ఉలుకూ లేదు పలుకూ లేదు. చెప్పులూ ఫోన్లూ నిచ్చెన కిందే ఉన్నాయి. రెండుసార్లు పిలిచి ఊరుకున్నాను. వాళ్ళని తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తే బాగుండును."

బావమరిది ఘొల్లుమన్నాడు. సర్వేయరు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ టెంటుకి గాలాడే కిటికీలున్నాయా? పొడవడిగాడు, వెడల్పడిగాడు, మూత సంగతడిగాడు. గాలి సంగతి అడగలేదు. అందరికంటే ముందు జీపెక్కింది ఆయనే. దారి పొడుగునా "తొందరగా పోనివ్వండి సార్, మా అమ్మాయికి పదేళ్ళే" అంటూనే ఉన్నాడు. నేరస్థుడు పోలీసుల్ని తొందరపెట్టడం ఇన్‌స్పెక్టరు తన ఉద్యోగంలో చూడటం అదే మొదటిసారి.

దుకాణం ఆవరణలో ట్రక్కు మీద టెంటు విప్పి ఉంది. ఇన్‌స్పెక్టరు నిచ్చెనెక్కి, జిప్పు మెల్లగా లాగి, తల లోపల పెట్టాడు. లోపల మెత్తటి పరుపు మీద హాయిగా నిద్రపోతున్న అత్తగారు కళ్ళు తెరిచేసరికి, మూరెడు దూరంలో బుర్రమీసాల మొహం.

"దొంగ! దొంగ!" అని చేతికందిన దిండుతో ఆ మొహాన్ని వాయించేసింది.

"అమ్మా! బతికే ఉన్నావా!" అంటూ బావమరిది ఇన్‌స్పెక్టరుని లోపలికి నెట్టుకుంటూ ఎక్కేశాడు. సర్వేయరు అతని వెనకే పాకి, కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అది తుమ్మింది. జీపులో వెంటబడి వచ్చిన పోస్టుమాస్టరు కూడా కళ్ళారా చూసుకోవాలని ఎక్కాడు.

"నలుగురికేనండీ! నలుగురికే!" అని కింద దుకాణదారు గుండె బాదుకుంటున్నాడు. ఏడుగురు కూర్చున్నా టెంటు కిర్రుమనలేదు.

"ఎవరు పోయార్రా?" అంది భార్య నిద్రకళ్ళతో తమ్ముడి వంక చూస్తూ.

"నువ్వేనక్కా," అని వెక్కాడతను.

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకుని, అక్కడే విచారణ మొదలుపెట్టాడు. పోస్టుమాస్టరు జేబులోంచి పాత కవరొకటి తీశాడు. విన్నదంతా దాని వెనక రాసి ఉంచాడు. ఒక్కో వాక్యం చదువుతుంటే సర్వేయరు ఒక్కోదానికి సంజాయిషీ చెప్పాడు. కారేది వాన నీళ్ళు. మూత పడాల్సింది దుప్పట్ల మీద. మడవాల్సింది పడుకునేవాళ్ళ కాళ్ళు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. భార్య నవ్వింది. బావమరిది కళ్ళు తుడుచుకుని నవ్వాడు. సర్వేయరు గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకొక్కటే ఉందండీ," అని పోస్టుమాస్టరు కవరు తిప్పాడు. "'మా అత్తగారు కొంచెం వెడల్పు. ఆవిణ్ణి ఓ మూలకి తోసేస్తే సరిపోతుందేమో.'"

గాలి బాగానే ఆడుతోందని సర్వేయరుకి అప్పుడు తెలిసింది; అయినా ఊపిరాడలేదు.

"దీనికీ సంజాయిషీ ఉందా, అల్లుడుగారూ?" అంది అత్తగారు, చాలా మెత్తగా.

సర్వేయరు ఆశగా ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి, కలం జేబులో పెట్టుకున్నాడు.

"హత్యయితే నేను చూసుకునేవాణ్ణండీ. ఇది మీ ఇంటి వ్యవహారం," అని చకచకా నిచ్చెన దిగిపోయాడు.

టెంటు ఆ సాయంత్రమే కొన్నారు. మర్నాడు అనుకున్న వేళకే అడవికి బయల్దేరారు, రెండు రోజులు ఉండి వచ్చారు. అంత విశాలమైన, అంత సుఖమైన టెంటు ఇంకెక్కడా దొరకదని అత్తగారు ఇప్పటికీ అందరికీ చెబుతుంది. సర్వేయరు ఆ విషయంలో ఏమీ చెప్పలేడు. ఆయన రెండు రాత్రులూ ట్రక్కు ముందు సీట్లోనే పడుకున్నాడు.