తాబేలు తల ఊపింది

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఆఫీసుండేది. ఏ జంతువు ఏ రేవులో ఎప్పుడు నీళ్లు తాగాలో తేల్చడం దాని పని. దాహం వేసినవాళ్లు ఎలాగూ తాగేసేవాళ్లు. ఆఫీసు మాత్రం శ్రద్ధగా తేలుస్తూనే ఉండేది.

అక్కడ గుమాస్తా నక్క బుచ్చిలింగానికి ఆ వేసవిలో మనశ్శాంతి కరువైంది. సూపర్వైజరు కుర్చీ ఖాళీ అయింది. జలగల మడుగు సెక్షనుకేమో ఎవరో ఒకరిని బదిలీ చేయాలన్నారు. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లెవరూ తమ కాళ్లు చూపించేవాళ్లు కాదు. కుర్చీ రావాలి, మడుగు తప్పాలి. ఇదే బుచ్చిలింగం గోల.

"పని చేస్తే కుర్చీ వస్తుందనుకునేవాడు గాడిద. బాసుగారు ఎవరి మాట వింటారో పట్టుకోవాలి," అనుకుంది. నిజంగానే ఆ ఆఫీసులో పని చేసేది గాడిద ఒక్కటే.

బాసు ఎలుగుబంటి పానకాలరావుగారు. నక్క కళ్లలో వత్తులు వేసుకుని ఆయన్నే చూసింది. ఏ కాగితం ముందుకొచ్చినా ఆయన ఓసారి కిటికీ మూలకేసి చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టేవారు. ఆ మూలలో ఉండేది ముసలి తాబేలు సన్యాసయ్యగారు. ఆయన తల మెల్లగా కిందికీ పైకీ ఊగేది.

"ఓరి నాయనో! చక్రం తిప్పేది ఈయనన్నమాట!" నక్కకి ఒళ్లు పులకరించింది.

మర్నాడే తామర కాడలు తెచ్చి తాబేలు ముందు పెట్టింది. తను ఆయన మనిషినని నలుగురికీ తెలియద్దూ? అందుకని ఉడత చెవిలో వేసింది.

"సన్యాసయ్యగారు తల ఊపితే ఆర్డరే. ఎవరితోనూ అనకు సుమా!"

ఉడతతో అలా చెప్పడమంటే దండోరా వేయించడమే. సాయంత్రానికి తాబేలు ముందు క్యూ. కుందేలు సెలవడిగింది, తల ఊగింది. అడవిపంది రెండు రేవులడిగింది, మళ్లీ ఊగింది. గాడిద కూడా వచ్చి దణ్ణం పెట్టుకుపోయింది. ఆఫీసంతా తిరునాళ్లే!

అది చూసి పానకాలరావుగారికి చెమటలు పట్టాయి. "ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడంటే, పైన సింహంగారి మనిషే!" అని హడలిపోయి, అప్పటికప్పుడు సూపర్వైజరు కుర్చీ తాబేలుకిచ్చేశారు.

నక్కకి కుర్చీ పోయింది. అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. మనవాడే కదా, మడుగైనా తప్పిస్తాడని ఆశ.

"అయ్యా," అన్నారు పానకాలరావుగారు చేతులు కట్టుకుని, "జలగల మడుగులో మీకు నమ్మకస్తుడుండాలి. మన బుచ్చిలింగాన్ని పంపమంటారా?"

తల నిండుగా ఊగింది.

నక్క పరుగున వెళ్లి తాబేలు మొహంలోకి వంగి చూసింది. కళ్లు మూతలు పడున్నాయి. సన్నగా గురక.

"సార్! ఇది ఒప్పుకోవడం కాదు సార్, కునికిపాటు! ఈయన నిద్రపోతున్నాడు!" అని లబోదిబోమంది.

"ఛీ, పెద్దాయన్ని పట్టుకుని అంత మాటా?" ఉడత బుగ్గలు నొక్కుకుంది. "ఊపితే ఆర్డరేనని చెప్పింది నువ్వు కాదూ?"

నక్క మూటాముల్లే సర్దుకుంటుండగా భోజనాల గంట మోగింది. పానకాలరావుగారు గబగబా కిటికీ మూలకెళ్లి, తాబేలు వెనక మేకుకి వేలాడుతున్న తేనె క్యారేజీ దించి, మూత తీసి చూసుకున్నారు.

"హమ్మయ్య, కోతులు ముట్టలేదు! పొద్దస్తమానం ఇటే చూస్తూ దీనికి కాపలా కాయలేక చస్తున్నానయ్యా."

నక్క మూట భుజాన వేసుకుని మడుగు దారి పట్టింది.

నీతి: ఆఫీసులో నిద్రపోదలచినవాళ్లు బాసుగారి క్యారేజీ పక్కనే నిద్రపోవలెను.