గుమ్మడికాయల రైలు

శనివారం పొద్దున్నే హార్లన్ డెట్‌వైలర్ కొత్త టోపీ పెట్టుకుని స్టేషనుకు వచ్చాడు. పెన్సిల్వేనియా కొండల మధ్య పద్దెనిమిది మైళ్ళ చిన్న రైలు మార్గానికి ఆయన అధ్యక్షుడు. ఆ పట్టాల మీద ముప్పై ఏళ్ళుగా తిరిగేవి దాణా మిల్లు వ్యాగన్లే. కోడి మేత మోసే కంపెనీకి పెద్దనని నలుగురిలో చెప్పుకోవడానికి ఆయనకు నామోషీ. అందుకే ఈ షికారు రైలు. జనం పిల్లాపాపలతో ఎక్కుతారు. పదకొండో మైలు దగ్గర యేగర్ పొలంలో దిగి, తలో గుమ్మడికాయ కోసుకుని, మధ్యాహ్నానికల్లా తిరిగొస్తారు. టికెట్టు నలభై డాలర్లు. మూడు వందలూ అమ్ముడుపోయాయి.

"పన్నెండు వేలు, లొరీనా!" అన్నాడు లెక్కలు చూసే ఆవిడతో.

"అద్దె పెట్టెలకి తొమ్మిది వేలు, ఒక్కరోజు బీమాకి ఆరు. బండి కదలకముందే మూడు వేలు మునిగాం."

"నీకెప్పుడూ అంకెల గోలే. పేరొస్తుందమ్మా, పేరు!"

"బ్యాంకువాళ్ళు పేరు పుచ్చుకుంటారేమో కనుక్కుంటాను సార్."

రైలు దర్జాగానే వెళ్ళింది. ఆగాక తెలిసింది, పొలం దగ్గర ప్లాట్‌ఫారం లేదని. అంతకుముందు ఆ చోటు చూడటానికి డెట్‌వైలర్ కారులో వచ్చాడు. కారుకు ప్లాట్‌ఫారం అక్కర్లేదు కదా! పెట్టె గుమ్మానికీ నేలకూ మధ్య నాలుగడుగుల ఎత్తు. కుర్రాళ్ళు దూకేశారు. ముసలివాళ్ళు గుమ్మాల్లో నిలబడి తిట్లు లంకించుకున్నారు.

పక్క మైలులోనే దాణా మిల్లు. డెట్‌వైలర్ ఫోను చేసి బతిమాలితే, యజమానురాలు మర్టిల్ హాస్ లోడింగ్ ఆపించి మరీ బస్తాలెత్తే యంత్రాన్ని పంపింది. దాని చెక్కపలక మీద ముగ్గురేసి చొప్పున దించారు.

"నేనేమైనా దాణా బస్తానా?" అని అరిచింది ఓ బామ్మ.

"బస్తాలు ఇంత గోల చెయ్యవు బామ్మా," అన్నాడు యంత్రం నడిపేవాడు.

దించడానికి రెండున్నర గంటలు పట్టింది. ఎక్కించడం అంతకంటే ఘోరం. తలో గుమ్మడికాయ అన్నారు గానీ ఎంతది అని టికెట్టు మీద రాయలేదు. నలభై డాలర్లు రాబట్టుకోవాలని ప్రతివాడూ పొలంలోకెల్లా పెద్దది ఎత్తుకొచ్చాడు. పలక మీద మనిషి పట్టే చోట కాయ కూర్చుంది.

మూడు గంటలయ్యేసరికి సగం మంది ఇంకా కిందే ఉన్నారు. అప్పుడు ఇంజిన్ డ్రైవర్ గస్ తాపీగా చేతులు తుడుచుకుంటూ దిగాడు.

"ఎక్కడికయ్యా?" అన్నాడు డెట్‌వైలర్.

"ఇంటికి. తెల్లారుజామున మూడింటికి మిల్లు వ్యాగన్లతో డ్యూటీ ఎక్కాను. పన్నెండు గంటలైపోయాయి. ఇంక అంగుళం కదిపినా చట్టం ఒప్పుకోదు."

"పదకొండు మైళ్ళే కదయ్యా!"

"పదకొండు అడుగులైనా అంతే. రెండో డ్రైవర్ని పెట్టమన్నాను. దండగ ఖర్చన్నారు."

ఉన్నది ఒకే లైను. దాని మీద షికారు రైలు అడ్డంగా నిలిచిపోయింది. దాని వెనక మిల్లు వ్యాగన్లు చిక్కుకుపోయాయి. మర్టిల్ రొప్పుతూ వచ్చింది.

"సాయంత్రానికి నలభై వేల కోళ్ళకి మేత అందాలి. ముందు ఈ బొమ్మల కొలువు తియ్యండి!"

"డ్రైవర్ లేడమ్మా..."

"లారీలకుంటారు లెండి," అని ఆవిడ అక్కడే ఫోను తీసింది. గంటలో లారీలు వచ్చాయి.

ఇదంతా కంచె మీద కూర్చుని చూస్తున్న రైతు యేగర్ మెల్లగా లేచాడు. "నాలుగు ట్రాక్టర్లున్నాయి. గడ్డిబండ్లు తగిలించి ఊళ్ళో దించుతాను. తలకి పది డాలర్లు. కంపెనీవారే ఇవ్వాలి."

చుట్టూ మూడు వందల మొహాలు చిటపటలాడుతుంటే డెట్‌వైలర్ తలూపాడు. గడ్డి మీద కూర్చున్న పిల్లలు దారి పొడుగునా పాటలు పాడారు. పొద్దుట్నుంచీ తిట్టిన బామ్మలు కూడా గొంతు కలిపారు.

సోమవారం మిల్లు నుంచి ఉత్తరం వచ్చింది. లారీలు టైముకొచ్చాయనీ, ఇకపై అవే వస్తాయనీ దాని సారాంశం. లొరీనా దాన్ని చదివి, ఆయన టోపీ పక్కన పెట్టింది.

మరుసటి ఏడాది గుమ్మడికాయల రోజుల్లో యేగర్ సొంతంగా గడ్డిబండి షికారు మొదలుపెట్టాడు. టికెట్టు పాతిక. ప్రతి శనివారం బండి నిండిపోయేది. రైలు పట్టాలు దాటేచోట మాత్రం బుద్ధిమంతుడిలా ట్రాక్టరు ఆపి, అటూ ఇటూ చూసి మరీ వెళ్ళేవాడు. ఒక్కసారి కూడా ఏదీ అడ్డు రాలేదు.