మడుగుపేట బడిలో మూడో మాట

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామనుకున్నాను. కానీ అంత పెద్ద అడవులు ఇప్పుడెక్కడున్నాయి? ఒక మోస్తరు అడవిలో అనుకోండి. చదువు గురించి కథ చెప్పే అర్హత నీకుందా అంటారేమో, ఉంది. నేను ఐదో తరగతి మూడేళ్లు చదివాను. అంత లోతుగా చదివినవాడు మా ఊళ్లో ఇంకొకడు లేడు.

ఆ అడవి నడిబొడ్డున ఒక మడుగు. చుట్టుపక్కల చెట్లు కొట్టేసిన చోట్లనుంచి జంతువులన్నీ అక్కడికే చేరడంతో ఒకదాని తోక మీద ఇంకొకటి కూర్చునేంత ఇరుకైపోయింది. దాన్నే మడుగుపేట అనేవారు. మడుగుపేటలో ఒక సర్కారు బడి ఉంది. బడంటే రెండు బండల మధ్య సందు, పైన నాలుగు తాటాకులు. వానాకాలంలో పిల్లలు బడికి వచ్చినా రాకపోయినా వాన మాత్రం తప్పకుండా వచ్చేది.

దానికి ఒకే ఒక్క మేష్టారు. ఉడుము. పేరు సింహాచలం. పేరులో తప్ప సింహంతో ఆయనకి ఏ చుట్టరికమూ లేదు.

ఆ బడిలో చెప్పే ముఖ్యమైన పాఠం ఉచ్చుల పాఠం. ఎండలు ముదిరితే వేటగాళ్లు మడుగు చుట్టూ ఉచ్చులు పన్నుతారు. పాఠంలో మూడు మాటలు. ముందు ఆగు. తర్వాత వాసన చూడు. చిక్కితే లాగకు. లాగేకొద్దీ ఉచ్చు బిగుస్తుంది, తాడు కట్టిన మేకు వైపు నడిస్తే వదులవుతుంది. అంతే.

కానీ మేష్టారు మొదటి మాట నేర్పగానే అడవి పంచాయతీ నుంచి కాకి కబురు తెచ్చేది, చీమల లెక్కకి రమ్మని. అది ముగించుకొచ్చి రెండో మాట నేర్పేవారు. వెంటనే ఎన్నికల డ్యూటీ. అదయ్యాక పులుల లెక్క. పులుల్ని లెక్కపెట్టడానికి ఉడుముని పంపడమేమిటని అడక్కండి, పులిని పంపితే పక్షపాతం చూపిస్తుందన్నారు. ఈలోగా ఎండాకాలం వచ్చిపడేది. మూడో మాట ఏ ఏడూ పిల్లల దాకా రాలేదు.

ముళ్లపంది నూకాలమ్మకి ఇదే దిగులు. వాళ్లాయన ఆ బడిలోనే రెండో మాట దాకా చదివాడు. ఒకనాడు మడుగు దగ్గర ఆగాడు, వాసన చూశాడు, అయినా కాలు చిక్కింది. లాగాడు.

ఇప్పుడు వాళ్ల కూతురు గోరింట ఆ బడికే వెళ్తోంది. "నా పిల్లకి పెద్ద చదువులొద్దమ్మా. ఎండలు ముదిరేలోగా ఆ మూడో మాట వస్తే చాలు" అని కనబడినవాళ్లందరికీ చెప్పుకునేది నూకాలమ్మ.

ఒకరోజు పంచాయతీ కూర్చుంది. అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు. మూతికి ఎప్పుడూ తేనె అంటుకుని ఉంటుంది. పక్కనే సలహాదారు కొంగ. పొరుగు మడుగులో చేపల సంక్షేమం చూసి వచ్చిన మేధావి. అక్కడిప్పుడు సంక్షేమం చూడ్డానికి చేపలు లేవు.

"ఏం మేష్టారూ, పిల్లలకి ఉచ్చుల పాఠం పూర్తిగా రాలేదంటున్నారే?" అన్నాడు భల్లూకరావు.

"పులుల లెక్కకి పోయానండి."

"బడి వదిలి పులుల దగ్గరికి పొమ్మని ఎవడు చెప్పాడయ్యా?"

"తమరేనండి. ఇదిగో, ఈ ఆకు మీద తమరి పంజా గుర్తు."

భల్లూకరావు ఆ ఆకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనిమీద తేనె మరకుంది. చెల్లదు."

కొంగ గొంతు సవరించుకుంది. "అధ్యక్షా, తప్పు మేష్టారిదీ కాదు, మనదీ కాదు. వ్యవస్థది."

వ్యవస్థ అనేవాడు ఆ సభలో ఎవరూ లేకపోవడంతో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇకమీదట జీతం కింద ఇచ్చే తునికిపళ్లు నేరుగా బడికి ఇవ్వొద్దు" అంది కొంగ. "పిల్లకో మోదుగాకు ఇద్దాం. దానిమీద తమ పంజా గుర్తు. పేరు చదువాకు. పిల్ల ఆ ఆకు ఏ బడికి తీసుకెళ్తే ఆ బడికి గంపెడు పళ్లు. అప్పుడు బళ్లు పోటీ పడతాయి, పోటీలో బాగుపడతాయి."

"పోటీకి నేను సిద్ధమేనండి" అన్నారు సింహాచలం మేష్టారు. "కాకపోతే పరుగు పందెంలో నిలబెట్టేటప్పుడు నా కాళ్ల కట్లు విప్పండి. ఒక్క ఏడాది నన్ను బళ్లో ఉండనివ్వండి, చాలు."

"చూశారా, మార్పంటే ఎంత భయమో!" అంది కొంగ.

అప్పుడు వెనకనుంచి నూకాలమ్మ లేచింది. మేష్టారికి ప్రాణం లేచొచ్చింది, తన తరఫున మాట్లాడుతుందనుకుని.

"మేష్టారూ, మీరు మంచోరే. కాదన్నవాళ్ల కళ్లలో నా ముళ్లు. కానీ మీరు బళ్లో ఉండరు కదండీ. మీరొచ్చేదాకా ఉచ్చులు ఆగవు కదా. నా పిల్ల ఎన్నేళ్లు ఎదురుచూడాలి? ఆ ఆకేదో నాకిప్పించండి బాబూ."

మేష్టారు తలొంచుకున్నారు.

చదువాకులు పంచిన పూటే పదకొండు దుప్పిపిల్లలు తమ చదువులు తినేశాయి. ఆకు తినే జాతికి ఆకు చేతికివ్వకూడదని కొంగకి తట్టలేదు మరి. చేపలతో ఆ ఇబ్బంది రాలేదు.

మిగతావన్నీ బూరుగు చెట్టు చిటారుకొమ్మన ఉన్న చిలక మేడమ్ బడికి పరుగెత్తాయి. శుకవాణి ఇంటర్నేషనల్. మనిషి మాట మీడియం. పొద్దున్నే పిల్లలంతా "హలో! వెల్‌కమ్! ప్లీజ్ సిట్!" అంటుంటే కింద నిలబడ్డ తల్లిదండ్రులకి ఒళ్లు పులకరించేది. అర్థం ఎవరికీ తెలీదు. మేడమ్‌కీ తెలీదు.

నూకాలమ్మ గోరింటని వెంటబెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లింది.

"పాపకి ఎగరడం వచ్చా?" అంది మేడమ్.

"మేం ముళ్లపందులమండీ."

"పోనీ చెట్టెక్కడం?"

"నేర్పితే నేర్చుకుంటుందండీ."

"నేర్పాల్సిన పిల్లల్ని మేం తీసుకోమమ్మా. స్టాండర్డ్ పడిపోతుంది." ఇంతలో మేడమ్ కన్ను నూకాలమ్మ పట్టుకున్న ఆకు మీద పడింది. "సర్లే, మీరింత ప్రాధేయపడుతున్నారు కాబట్టి అడుగుకొమ్మ సెక్షన్‌లో వేస్తాం. ఆకిటివ్వండి."

"ఉచ్చుల పాఠం ఎప్పుడు చెబుతారండీ?"

"అది సిలబస్‌లో లేదు. మా పిల్లలు పైకి వెళ్లేవాళ్లు. నేలమీద సంగతులు వాళ్లకెందుకు?"

వారం తిరక్కుండానే కబురొచ్చింది. "మీ పాప ముళ్లు తోటి పిల్లలకి గుచ్చుకుంటున్నాయి. తీయించి పంపండి."

"ముళ్లు తీస్తే నా పిల్లలో ఏం మిగులుతుందండీ?"

"యూనిఫామ్ బాగా కుదురుతుంది."

"మీ బడికో దండం. మా ఆకు మాకిచ్చేయండి."

"ఒకసారి ఇచ్చిన ఆకు తిరిగి ఇవ్వబడదు. బోర్డు చూసుకోలేదా?"

పిల్ల తిరిగొచ్చింది, ఆకు రాలేదు. నూకాలమ్మ తలదించుకుని బండల సందు దగ్గరికి వెళ్లింది. లోపల చదువు తినేసిన దుప్పిపిల్లలు, ఆకు ఇచ్చేసి కూడా బూరుగు చెట్టు ఎక్కలేకపోయిన రెండు అడవిపంది పిల్లలు.

"మేష్టారూ, సభలో నేను..."

"నువ్వన్నది నిజమేనమ్మా, అందుకే గుచ్చుకుంది. రావే గోరింటా, అలా దుప్పులకి కాస్త ఎడంగా కూర్చో. ముళ్లు ఉన్నాయని ఎవరూ అడగరిక్కడ, చూసుకుని కూర్చుంటారంతే."

ఇక్కడే పథకంలో ఎవరూ అనుకోని వింత జరిగింది.

ఒక్క ఆకూ రాని బడి కాబట్టి పంచాయతీ జాబితాలోంచి మడుగుపేట బడిని కొట్టేశారు. బడితో పాటు మేష్టారి పేరూ పోయింది. పేరు లేనివాడికి డ్యూటీ ఎలా వేస్తారు? కాకి రావడం మానేసింది. మొదటివారం మేష్టారు అలవాటుకొద్దీ పొద్దున్నే ఆకాశం వైపు చూసేవారు. రెండోవారానికి విషయం అర్థమైంది. తన గురించి అందరూ మర్చిపోయారు!

ఆయన బతుకులో మొదటిసారి రోజూ బళ్లో ఉన్నారు. తునికిపళ్లు రావు కాబట్టి పుట్టలో చెదలు ఏరుకుని తినేవారు. తాటాకులు ఎగిరిపోతే పిల్లలే కొమ్మలు తెచ్చి కప్పారు. ఒక నెలలో మొదటి మాట అయింది, రెండో నెలలో రెండోది. ఆ తర్వాత ఎప్పుడూ రానిది వచ్చింది.

తీగతో ఉరి వేసి పిల్లల కాళ్లకి తగిలించి, "ఏం చెయ్యాలి?" అనేవారు. గోరింట మొదటిసారి లాగేసింది. తీగ బిగిసింది, ఏడ్చింది. "మా నాన్న కూడా ఇలాగే లాగాడా మేష్టారూ?" అంది.

"ఆయనకి మూడో మాట నేను చెప్పలేకపోయానమ్మా" అన్నారు మేష్టారు. ఆ పూట పాఠం ఇంకో పదిసార్లు చెప్పారు.

ఎండలు ముదిరాయి. శుకవాణి వార్షికోత్సవం మడుగు ఒడ్డున పెట్టారు. భల్లూకరావు కొడుకు తేనెబాబు ఫస్టు ర్యాంకు. వాడు కప్పు అందుకుని ఒడ్డున తిరుగుతుండగా పొద వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "హలో! హలో! వినబడుతోందా?" అక్కడొక వేటగాడు సిగ్నల్ అందక ఫోన్లో అరుస్తున్నాడు.

తేనెబాబు మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి తన చదువు అర్థమయ్యేవాడు దొరికాడు. "హలో! వెల్‌కమ్! ప్లీజ్ సిట్!" అంటూ పొదలోకి పరుగెత్తాడు. కాలు ఉచ్చులో పడింది.

చిలక మేడమ్ "తల్లిదండ్రులు కంగారు పడకుండా సహకరించగలరు" అంటూ అందరికంటే ముందు ఎగిరిపోయింది. టీచర్లంతా చిలకలే కాబట్టి స్టాఫ్ మొత్తం ఒక్క క్షణంలో మాయమైంది.

"లాగరా నాన్నా! బలంగా లాగు!" అని అరిచాడు భల్లూకరావు. ఆయనా రెండో మాట దాకా చదివినవాడే.

తాడు కరకరా బిగిసింది. నీళ్లు తాగడానికొచ్చిన గోరింట అవతలి ఒడ్డునుంచి చూసింది.

"లాగకు! ఒరే, లాగకు!"

"నువ్వెవరే మధ్యలో?" అన్నాడు భల్లూకరావు.

"మీరు నోరు మూసుకోండి తాతా. ఒరే, మేకు వైపు నడు. ఆ మేకే రా, తాడు కట్టిన మేకు!"

తేనెబాబు ఏడుస్తూనే రెండడుగులు మేకు వైపు వేశాడు. ఉచ్చు వదులైంది. గోరింట పరుగున వచ్చి తాడు పట్టుకుని కొరికేసింది. వేటగాడు పొద దాటి చెయ్యి చాచేసరికి వాడి ఎదురుగా వీపు తిప్పి ముళ్లన్నీ నిక్కబొడిచింది. శుకవాణి తీయించమన్న ముళ్లే. వాడు ఫోన్ వదిలేసి పారిపోయాడు. ఫోన్ మాత్రం చాలాసేపు "హలో, హలో" అంటూనే ఉంది. జవాబు చెప్పడానికి చదువుకున్నవాళ్లెవరికీ ధైర్యం లేకపోయింది.

మర్నాడు పంచాయతీ. భల్లూకరావు కళ్లల్లో నీళ్లు. "తల్లీ, నా వంశం నిలబెట్టావు. నీకెవరు నేర్పారమ్మా ఈ విద్య?"

గోరింట నోరు తెరవబోతుండగా కొంగ అందుకుంది. "ఎవరైనా సరే, అంతటి గురువుని ఒక్క బడిలో మగ్గనివ్వకూడదు అధ్యక్షా. అడవి మొత్తానికి ఉచ్చుల ప్రత్యేకాధికారిగా వేద్దాం. ముందు ఉచ్చులన్నీ లెక్కపెట్టించాలి. తర్వాత నివేదిక. తర్వాత పక్క అడవి పర్యటన."

నూకాలమ్మ గబుక్కున కూతురి కాలు తొక్కింది.

"చెప్పింది సింహాచలం మేష్టారేనండి. మహానుభావుడు."

"ఎక్కడున్నారాయన?"

"పోయారండి."

"ఎక్కడికి?"

నూకాలమ్మ రెండు చేతులూ పైకెత్తి ఆకాశానికి దండం పెట్టింది. గోరింట అమ్మ మొహంలోకి చూసింది. అమ్మ ముళ్లు కొద్దిగా లేచాయి. గోరింట నోరు మూసుకుంది.

సభంతా లేచి మౌనం పాటించింది. కొంగ ఎప్పటిలాగే ఒంటికాలి మీద పాటించింది. పాత బడి ముందు మేష్టారికి మట్టి విగ్రహం పెట్టారు. అది మొసలిలా వచ్చింది. "బతికుండగా ఆయన్ని ఎంతో గౌరవించుకున్నాం" అని భల్లూకరావు ప్రసంగించాడు. బూరుగు చెట్టుకి పెద్ద ఫ్లెక్సీ వెలిసింది: 'వీరవనిత గోరింట, శుకవాణి పూర్వ విద్యార్థిని. మా అడుగుకొమ్మ సెక్షనే ఆమె పునాది.'

విగ్రహం వెనక పుట్టలోంచి ఇదంతా విన్న సింహాచలం మేష్టారు కళ్లు తుడుచుకున్నారు. "నేనింత మంచివాణ్ణని నాకే తెలీదే" అన్నారు నూకాలమ్మతో.

"ఊరుకోండి మేష్టారూ, పోయినవాళ్లు మాట్లాడకూడదు. పిల్లలు కూర్చున్నారు, పాఠం మొదలెట్టండి."

పుట్ట వెనక్కి మారిన ఆ బళ్లో ఇప్పుడు ఒక విద్యార్థి ఎక్కువ. తేనెబాబు. ఇంట్లో ట్యూషన్ అని చెప్పి వస్తాడు. ఎప్పుడైనా నెత్తిమీదుగా పంచాయతీ కాకి వెళ్తే, మేష్టారితో సహా అందరూ మొదటి మాట గుర్తు తెచ్చుకుని, కదలకుండా ఆగిపోతారు.

నీతి: మీ బడి బాగా నడుస్తుంటే ఎవరికీ చెప్పకండి, బాగుచెయ్యడానికి వచ్చేస్తారు.