సోఫా మీద లివర్

ఆ శనివారం పొద్దున కృష్ణమోహన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య శశికళ పని నుంచి వచ్చేలోగా ఇల్లు సర్దేసి, పాత సామాను ఎవరికైనా ఇచ్చేసి, ఆమె చేత ఒక్కసారి "అబ్బో" అనిపించుకోవాలి. పాపం, అంతకు మించి ఆశలేమీ లేవు.

అది 1984. అమెరికాలోని ఇర్వింగ్‌లో కొత్తగా దిగిన తెలుగువాళ్లకు పాతవాళ్లు సామాను ఇవ్వడం రివాజు. రెండు వారాల క్రితం వచ్చిన రత్నరాజు, దీనమ్మ దంపతులు పిల్లలతో కార్పెట్ మీదే పడుకుంటున్నారని తెలిసి కృష్ణమోహన్ ఫోన్ చేశాడు. రత్నరాజు ఎవరిదో వ్యాన్ అడిగి తెచ్చుకుని సోఫా, ఫ్లోర్ లాంప్, పెద్ద కుక్కర్ పట్టుకెళ్లాడు. కిటికీ పక్కనున్న తన కుర్చీ మాత్రం కృష్ణమోహన్ ఇవ్వలేదు. దానం చేసేవాడికీ కూర్చోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

మధ్యాహ్నం రెండింటికి శశికళ వచ్చి, సోఫా ఉండాల్సిన చోట నిలబడిపోయింది.

"నా లివర్ ఏదండీ?"

కృష్ణమోహన్ కంగారుగా ఆమె పొట్ట వైపు చూశాడు. "నొప్పిగా ఉందా? డాక్టర్‌కి కాల్ చేయనా?"

"అయ్యో రామా! సోఫా మీద లివర్ టెస్టులన్నీ పెట్టుకున్నానండీ. లాంప్ దగ్గర కిడ్నీ. కుక్కర్ మీద రక్తం గడ్డకట్టే వరస. ఏమయ్యాయండీ అవన్నీ?"

సోమవారం ఆమెకు లాబ్ సర్టిఫికేట్ పరీక్ష. రెండుసార్లు తప్పింది, ఇదే ఆఖరి అవకాశం. గుంటూరులో బీఎస్సీ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి ఏడేళ్లుగా డ్రైక్లీనింగ్ షాపులో ఊరివాళ్ల చొక్కాలు మడతపెడుతోంది. ఈసారి లైబ్రరీ పుస్తకంలో చూసి కొత్త పద్ధతి పట్టుకుంది. ఇంట్లో ఒక్కో వస్తువు మీద ఒక్కో పాఠం ఉన్నట్టు ఊహించుకోవాలి. తర్వాత పుస్తకం మూసేసి, ఆ వస్తువుల ముందు నిలబడి పాఠాన్ని చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి. ఆరు నెలలుగా భార్య ఫ్లోర్ లాంప్‌తో మాట్లాడుతుంటే, కృష్ణమోహన్ పేపర్లోంచి తలెత్తి ఎందుకని ఒక్కసారైనా అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టి అతనికి మనసు చివుక్కుమంది.

ఆమె ఖాళీ గోడ ముందు కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి గానీ ఒక్క టెస్టు పేరూ గుర్తు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పద, వెళ్లి తెచ్చేసుకుందాం," అన్నాడు కృష్ణమోహన్.

తీరా వెళ్తే, సోఫా మీద పిల్లలిద్దరూ ఆదమరిచి నిద్రపోతున్నారు. ఇక ఏ నోటితో అడుగుతారు? శశికళ ఒక చివర కూర్చుని కళ్లు మూసుకుంది. పెదాలు కదలడం చూసి రత్నరాజు భార్యకు సైగ చేశాడు. దీనమ్మ చెంగు తలమీద కప్పుకుని మోకరించింది. రత్నరాజూ తల వంచాడు. లివర్ టెస్టులన్నీ తిరిగి వచ్చేసరికి పావుగంట పట్టింది.

"ఆమేన్!" అన్నాడు రత్నరాజు.

దీనమ్మ కళ్లు తుడుచుకుంది. "మా ఇంటి గురించి ఇంతసేపు ఎవరూ ప్రార్థన చెయ్యలేదక్కా. మీరు హిందువులై ఉండి కూడా..."

నిజం చెప్పాల్సింది. కృష్ణమోహన్ మాత్రం, "మీ కుక్కర్ దగ్గర కూడా కాస్త చేస్తుందమ్మా," అనేశాడు.

దీనమ్మ మురిసిపోయి స్టవ్ తగ్గించింది. శశికళకు రక్తం వరస తప్పకుండా గడ్డకట్టింది. లాంప్ మాత్రం అక్కడ లేదు. పై అపార్ట్‌మెంట్‌లో జగదీష్ అనే స్టూడెంట్‌కు ఇచ్చేశారట. పైకి వెళ్లేలోపు రత్నరాజు చర్చివాళ్లకు ఫోన్లు చేశాడు. శశికళ లాంప్ ముందు కిడ్నీని వెతుక్కుంటుంటే వెనక తొమ్మిది మంది తలలు వంచి నిలబడ్డారు. లుంగీలో ఉన్న జగదీష్ ఏం జరుగుతోందో అర్థంకాక తనూ చేతులు కట్టుకున్నాడు.

"సిస్టర్, మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఒక్కసారి మా ఇంటికి కూడా రారా?" అంది ఒకావిడ.

శశికళ కాదనలేకపోయింది. మూడిళ్లు తిరిగి, మూడుచోట్లా పాఠం మొదటి నుంచి అప్పజెప్పుకుని బయటపడింది.

కారులో కృష్ణమోహన్ గొంతు సవరించుకున్నాడు. "తప్పు చేశాను శశీ. అడక్కుండా ఇచ్చేసినందుకే కాదు. ఆరు నెలల్లో నువ్వేం చదువుతున్నావని ఒక్కరోజూ అడగలేదు."

ఆమె హైవే వైపు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. పాస్! కృష్ణమోహన్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"సోఫా, లాంప్, కుక్కర్, ఏదీ పొల్లు పోలేదు," అంది శశికళ. "ఇల్లిల్లూ తిరిగి వెతికి తెచ్చుకున్నవి ఎలా మర్చిపోతాను? థైరాయిడ్ ఒక్కటే ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు."

"అదెక్కడ పెట్టావు?"

"మీ మీద. కుర్చీలోంచి కదలరు కదా, ఎక్కడికీ పోదులే అని వెతుక్కోనే లేదు."

మర్నాటి నుంచి కృష్ణమోహన్ పేపరు కుర్చీ వదిలి వంటింట్లో నిలబడి చదువుతున్నాడు.