సీతాఫలం రసానికి షుగర్ 412

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లో బయోసెన్సర్ అంటే ఏమిటో సరిగ్గా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏడో తరగతితో బడి మానేసినా తెలుసు. కాబట్టి వినండి: మనిషికి మనిషితో పని లేకుండా చేసిన మహోపకారి అది!

వెనకటికి డాక్టరు నాడి పట్టేవాడు, నాలుక చూసేవాడు, ఏం తిన్నావని అడిగేవాడు. ఎంత కాలహరణం! ఇప్పుడు స్ట్రిప్ మీద రక్తపు చుక్క పడితే చాలు, అయిదు సెకన్లలో షుగర్ అంకె. రోగి మొహం చూడనక్కర్లేదు. పాలలో యూరియా కలిపారేమో చెప్పే స్ట్రిప్‌లు కూడా తయారవుతున్నాయట. ఇక పాలకేంద్రంలో బర్రెల రైతును పలకరించే బాధా తప్పుతుంది. రేపు పెళ్లిచూపుల్లో పిల్లవాడి వేలు పొడిస్తే వాడి అబద్ధాల శాతం రాదా?

ఈ ఉపకారం మొన్న మా సుగుణమ్మ వదినకు అందింది.

ఆమె గోపాల్‌పేటలో సీతాఫలాలు అమ్ముతుంది. రెండు కళ్లకూ పొర కమ్మింది. బస్సు ఎటు పోయేదో ఎవరైనా చెబితేనే ఎక్కుతుంది. ఉచిత కంటి క్యాంపులో ఆపరేషన్‌కు పేరు రాయించాను. దవాఖానకు చేతులూపుకుంటూ పోవడం మా వైపు మర్యాద కాదు. గంపెడు పండ్లు తెచ్చి, ఒక్కొక్కటే విప్పి అందరికీ పంచింది. షుగర్ చూసే నాగేశ్ కూడా రెండు తిని, గింజలు ఊసి, ఆమె వేలు పొడిచాడు.

“నాలుగు వందల పన్నెండు. ఆపరేషన్ కాదవ్వా. షుగర్ దిగినంక రా.”

“నేను చాయ్‌ల చక్కెర గూడ ఏసుకోను బిడ్డా.”

“నాకేం తెల్వదు. మిషన్ చెప్తుంది.”

“పండ్లు తిన్నది నువ్వు, షుగర్ నాకెక్కిందా?”

నాగేశ్ అప్పటికే తర్వాతి మనిషి వేలు పట్టుకున్నాడు.

మా పక్కింటి దీపిక హైదరాబాదులో ఒక ల్యాబులో ఇట్లాంటి స్ట్రిప్‌లే తయారుచేస్తుంది. నేను ఇంటికొచ్చి ఆమెకు ఫోన్ చేస్తే నవ్వింది. “తాతా, స్ట్రిప్ మీద ఎంజైమ్ ఉంటది. దానికి గ్లూకోజ్ తగిల్తే జరంత కరెంటు పుడ్తది, గా కరెంటే అంకె అయితది. గ్లూకోజ్ రక్తంలదో, వేలికంటిన పండు రసంలదో దానికేం ఎరుక? పొడిచే ముందు చేతులు కడిగిచ్చిన్రా లేదా?”

మీ దగ్గర దాచడమెందుకు? ఆ ఫోన్ దాకా ఎంజైమ్ అంటే పురుగుల మందనుకున్నాను. నా పాండిత్యమంతా ఆ పిల్లది.

తర్వాత ఇంకో క్యాంపు పెట్టారు. ఈసారి గుమ్మంలోనే నిండు బకెట్, మగ్గు, కొత్త సబ్బు. నాగేశే వంగి వదిన చేతుల మీద నీళ్లు పోశాడు. షుగర్ నూట ఎనిమిది. ఆపరేషన్ అయింది. కట్టు విప్పగానే వదిన నన్ను ఎగాదిగా చూసి, “గింత ముసలోనివైనవా మర్దీ?” అన్నది.

బాగుంది కదా? ఇందులో నేను కల్పించింది ఆ రెండో క్యాంపు, దాని బకెట్. జరిగిన క్యాంపు ఒక్కటే. అక్కడ నల్లా తిప్పితే గాలి వచ్చింది. కాగితమంత పల్చటి స్ట్రిప్‌కు ఎంజైమ్ అంటించగలిగిన దేశంలో చెంబెడు నీళ్లు దొరకలేదు. మళ్లీ క్యాంపు ఏడాదికట.

అప్పటిదాకా మా వదిన నన్ను గొంతును బట్టే గుర్తుపడుతుంది. నేనెంత ముసలివాణ్ణయ్యానో ఆమెకింకా తెలియదు.