శుభ్రం మామయ్య, మంచి క్రిములు

ఆ ఉదయం శుభ్రం మామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. దూడకు మందు పట్టించడం, చేతులు కడుక్కోవడం, పేపరు చదవడం. ముప్పై ఏళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఊళ్లో క్రిముల భరతం పట్టి రిటైరైన మనిషి ఆయన. ఆ పేరు పెట్టింది కోడలే. ఎదురుగా మాత్రం ఎప్పుడూ అనలేదు.

కోడలికి నాలుగావుల పాడి ఉంది. వాటిలో తొలిచూలు ఆవుకు పుట్టిన పెయ్యదూడకు వారం తిరక్కుండానే విరేచనాలు పట్టుకున్నాయి. పశువుల డాక్టరు రాసిచ్చిన పొడి డబ్బాను, పాలకేంద్రానికి బయల్దేరుతూ కోడలు మామగారి చేతిలో పెట్టింది.

"రెండు పూటలా ఒక చెంచా, గోరువెచ్చటి పాలల్లో కలిపి పట్టండి మామయ్యగారూ. ఇందులో కడుపుకి మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుందట."

"బ్యాక్టీరియానా? మన చేత్తో మనమే దాని నోట్లో పొయ్యాలా?"

"మంచివండీ అవి. ఈ దూడ దక్కాలంటే ఇదే దారన్నాడు డాక్టరు."

మంచివైతే కావచ్చు, శుభ్రంగా ఉన్నాయని నమ్మకమేమిటి? ఆయన పాలల్లో పొడి కలిపి, పది నిమిషాలు కళపెళా మరిగించి, చల్లార్చాడు. గోరువెచ్చగా పట్టమంది, గోరువెచ్చగానే పట్టాడు. మూడు రోజులు పూట తప్పలేదు.

నాలుగో రోజుకి దూడ లేవడం మానేసింది. కోడలు ఫోన్లో డాక్టరును దులిపేసింది. డాక్టరు పాత సరుకు అంటగట్టావంటూ మందుల షాపతని మీద విరుచుకుపడ్డాడు. షాపతను "నా సరుకు బంగారం, వాళ్ల పాలగిన్నెలోనే మురికుంటుంది" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే శుభ్రం మామయ్యకు ఒళ్లు మండిపోయింది. గిన్నెను మూడుసార్లు తోమి, ఆ పూట నుంచి పాలను ఇరవై నిమిషాలు మరిగించాడు.

మర్నాడు పొద్దున అందరూ కొట్టంలోనే చేరారు. షాపతను పంతానికి పోయి చెంచాడు పొడి తన నోట్లోనే వేసుకున్నాడు.

"చూడండి! నాకేమన్నా అయిందా?"

"నీకు కాదయ్యా, దూడకి తగ్గాలి!" అని డాక్టరు అరిచాడు.

అన్యాయంగా ఇద్దరు అమాయకులు కొట్టుకుంటుంటే శుభ్రం మామయ్య మనసు ఊరుకోలేదు.

"మందునీ అనకండి, గిన్నెనీ అనకండి. పొడి వేశాక ఇరవై నిమిషాలు మరిగిస్తున్నాను. అందులో ఒక్క క్రిమి బతికుంటే నా సర్వీసు మీద ఒట్టు!"

పంతంగా రెండో చెంచా నోట్లో పెట్టుకున్న షాపతను దాన్ని తియ్యడం మరిచిపోయాడు.

"అవి బతికుంటేనేనండీ దూడ బతికేది" అన్నాడు డాక్టరు నెమ్మదిగా.

శుభ్రం మామయ్య బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. కళ్లు మూతలు పడుతున్న దూడను చూస్తే ఆయనకు ఏడుపొచ్చింది.

"అమ్మాయ్, నేనే చంపేశానా దీన్ని?"

"ఇంకా ప్రాణముంది కదండీ. ఇకనుంచి పొయ్యి నాది, చెంచా మీది" అంది కోడలు.

డాక్టరు సెలైను ఎక్కించాడు. పచ్చి పొడి, గోరువెచ్చటి పాలు పూటపూటా పడ్డాయి. ఆ తర్వాత ఐదో రోజు ఉదయం, సబ్బుతో చేతులు కడుక్కుని పేపరు విప్పిన శుభ్రం మామయ్య దగ్గరికి దూడ తూలుతూ తనంతట తనే వచ్చింది. వచ్చి, ఆయన కుడిచేతిని మణికట్టు దాకా జొల్లుతో ముంచేసింది.

ఆయన కుళాయి వంక చూశాడు, దూడ వంక చూశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్నడూ లేనిది, చెయ్యి కడుక్కునే కార్యక్రమాన్ని మధ్యాహ్నానికి వాయిదా వేశాడు.