మా ఆయన చెయ్యి బాగా పడింది

పెళ్లికాని అమ్మాయిలారా! డాక్టర్లు వద్దు, తహసీల్దార్లు వద్దు. చేసుకుంటే పి.ఆర్.ఓ.నే చేసుకోండి!

పి.ఆర్.ఓ. అంటే పబ్లిక్ రిలేషన్స్ ఆఫీసరు. ఈ ఎనభై రెండో సంవత్సరంలో ఆదోని మొత్తానికి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆయన్ను నేను చేసేసుకున్నాను. మీరు వేరే ఊళ్లు చూసుకోండి.

నిజానికి నేను కబూల్ అన్నది ఒక పత్తి మిల్లు గుమాస్తాకు. నిఖా అయింది. బయట మగవాళ్ల భోజనాలు నడుస్తున్నాయి. మిల్లు సేటుగారు మైకు అందుకుని, "ఈ రోజు నుంచి మన హబీబుల్లా మిల్లుకు పి.ఆర్.ఓ.!" అని ప్రకటించారు. పందిరంతా చప్పట్లు! లోపలి గదిలో పరదా వెనక కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. పెళ్లికూతురు చప్పట్లు కొడుతుందా అని మేనత్త గిల్లింది. గిల్లితే గిల్లింది! గుమాస్తాను చేసుకుంటే గంట తిరక్కుండా ఆఫీసరైపోయారు. ఎవరికుంది ఈ అదృష్టం?

కొత్త పదవిలో పనేమిటో సేటుగారికీ సరిగ్గా తెలియదు. మిల్లుకు మంచిపేరు తేవాలి, పెద్దమనుషుల్ని ముందుకు పంపాలి, తాను పక్కకు తప్పుకోవాలి. ఇంతే చెప్పారట. మా ఆయన పెళ్లి షేర్వానీలోనే డ్యూటీలో చేరిపోయారు.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లో చెడ్డవార్త అనేదే ఉండదు. కుళాయి రాకపోతే, "నీళ్లు బయలుదేరినాయంట" అంటారు. నేను జొన్నరొట్టె మాడిస్తే, "ఒక్క రొట్టెలో రెండు రుచులు!" అంటారు. కరెంటు పోతే వెన్నెల కనిపించడానికే పోయిందంటారు. అమావాస్య నాడు కూడా!

మిల్లు దూది దుమ్ము వీధంతా ఎగిరి నేను ఉతికి ఆరేసిన చీర మీద పేరుకుంది. "సూడు హసీనా, మన వీధిలో మంచు పడతాంది. ఇంక కాశ్మీరు పోయే పనేముంది?" అన్నారు. తుమ్ముతూనే మురిసిపోయాను. ఇంటి ముందుకే కాశ్మీరు తెప్పించే మొగుడు మీలో ఎంతమందికి ఉన్నాడు?

అయినా నన్ను ఎక్కడికీ తిప్పలేదని అనకండి. మంత్రాలయం తీసుకెళ్లారు. పత్తి కొనడానికి బొంబాయి నుంచి వచ్చిన షావుకార్ల జీపులో. వాళ్లు దర్శనానికి వెళ్లారు, మేమిద్దరం తుంగభద్ర ఒడ్డున కూర్చున్నాం. మా ఇద్దరి మధ్యలో వాళ్ల చెప్పులు. ఎంత హాయిగా ఉండిందో!

ఇక మా పెళ్లి ఫోటోల సంగతి. సోఫాలో మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఫోటోగ్రాఫర్ అబ్రహాం కెమెరా ఎత్తినప్పుడల్లా మా ఆయన లేచి, "అమ్మా, మీరు రాండి" అని ఎవరో ఒక పెద్దింటావిడను నా పక్కన కూర్చోబెట్టారు. ఏ పెళ్లికొడుకు చూపిస్తాడు ఇంత మర్యాద?

కాలు విరిగి పెళ్లికి రాలేకపోయిన మా నానికి, అంటే మా అమ్మమ్మ కుల్సుంబీకి చూపిద్దామని ఆల్బమ్ పట్టుకుని పోయిన వారం కౌతాళం వెళ్లాను. ఆయనకు డ్యూటీ.

"నీ పక్కన ఈమె ఎవరే?"

"సేటుగారి భార్య, నానీ."

"ఈమె?"

"లేడీ డాక్టరు."

"వీళ్లతో నాకేం పనే! పెండ్లికొడుకు యాడ?"

"ఇదో, నా కొంగు సర్దుతాండే చెయ్యి ఉంది సూడు. అదే."

నాని కళ్లజోడు సర్దుకుని ఆ చేతిని చాలాసేపు చూసింది. "చెయ్యి బాగనే ఉంది. మిగతా పిల్లోడు ఎట్లుంటాడు?"

నేను ఊరుకుంటానా? వెతికి వెతికి చూపించాను. ఒక ఫోటోలో మోచెయ్యి, ఒకదాంట్లో బూటు, వంటవాళ్ల ఫోటోలో సగం చెవి. అన్నీ కత్తిరించి అతికిస్తే ఎంతో కొంత మొగుడు తయారవుతాడు! నాని మాత్రం గోడ వైపు చూపించింది. "మీ ఇద్దరి కోసరం మేకు కొట్టించి పెట్టినా. ఫోటో పంపు. చెయ్యి పంపొద్దు."

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను.

"ఫోటోలో గెస్టులే ఉండాల హసీనా. పి.ఆర్.ఓ. ఉండకూడదు. అది పద్ధతి."

"మరి నేనెవరిని?"

"నువ్వా? నువ్వు చీఫ్ గెస్టువి!"

చూశారా, ఎంత ముద్దుగా అన్నారో! నేను వంటింట్లోకి వెళ్లి, ఉల్లిగడ్డలు లేకుండానే కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే లెండి.

రేపు శుక్రవారం. కొత్త దంపతులకు పుట్టింట్లో పెట్టే జుమ్మాగీ విందుకు ఎమ్మిగనూరు పోతున్నాం. బస్సు దిగగానే మా నాన్న ఎదురొస్తారు. ముందు అక్కడి బస్టాండు పక్కనున్న స్టూడియోకు వెళతాం. చీఫ్ గెస్టు కోరితే పి.ఆర్.ఓ. కాదనగలరా? లోపలికి వెళ్లాక లేచి మా నాన్ననో, దారిన పోయే కండక్టరునో నా పక్కన కూర్చోబెడతారని నాకు తెలుసు. అందుకే ఒక పెద్ద పిన్నీసు కొన్నాను. నా కొంగును ఆయన కోటుకు గుచ్చేస్తాను. ఆయన లేస్తే నేనూ లేస్తాను. ఆయన పక్కకు తప్పుకుంటే నేనూ తప్పుకుంటాను. ఫోటోలో ఉత్త కుర్చీలే పడినా సరే, దాన్నే నాని గోడకు తగిలించి చెబుతాను: "మేమిద్దరం ఈ పక్కనే ఉండాం నానీ, ఒకే చోట!"